మరకల మాస్టారి చేపల తొట్టి

కౌంటరు మీద బట్ట పడితే చాలు, మరకల మాస్టారు పెదవి విరుస్తాడు. బట్ట మీద ఆయనకేం కోపం లేదు. పాపం, బట్ట ఏం చేసింది? దాన్ని తొడుక్కున్న మనిషంటేనే ఆయనకి చులకన. తినడం రానివాళ్ళు, తాగడం రానివాళ్ళు, పెన్నుకి మూత పెట్టడం చేతకానివాళ్ళు, కొత్తగా రంగేసిన బల్ల మీద చూసుకోకుండా చతికిలబడేవాళ్ళు, వీళ్ళంతా ఇరవయ్యారేళ్ళుగా ఆయన డ్రైక్లీనింగ్ షాపు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. ఆయన ఇరవయ్యారేళ్ళుగా వాళ్ళ తెలివితక్కువతనాన్ని వెలుతురుకి పట్టి చూస్తూనే ఉన్నాడు. ఊళ్ళో వాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మర్చిపోయారు. గుర్తుపెట్టుకోవాల్సినంత పేరు కూడా కాదనుకోండి.

ఆ షాపుకి ఒక పద్ధతి ఉంది. మరకని ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఏం పడింది? ఎవరు పోశారు? ఎప్పుడు పోశారు? మూడింటికీ జవాబు వచ్చేదాకా బట్ట మీద చుక్క నీళ్ళు కూడా పడకూడదు. ఎందుకంటే ఒక మరకని పోగొట్టే మందే ఇంకో మరకని జన్మలో వదలకుండా చేస్తుంది. పని అయ్యాక బట్టని కిటికీ దగ్గర వెలుతురుకెత్తి, ముందు ఈ పక్క, తర్వాత ఆ పక్క చూడాలి. అప్పుడు నాలుగు మడతలు పెట్టాలి.

మాస్టారు ఈ పద్ధతి తన సొంతమైనట్టు చెప్పుకుంటాడు గానీ, అది ఆయన అక్క నేర్పింది. తండ్రి పోయినప్పుడు ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. షాపు నెత్తిన వేసుకుంది, తమ్ముణ్ణి సాకింది, వాడి వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరకల చదువు చెప్పింది. ఇరవై రెండేళ్ళ వయసులో మాస్టారు ఒక డాక్టరు తెల్లకోటు మీద ఒలికిన సిరాని రెండు రోజులు కష్టపడి తీశాడు. తీసి, గుండెలు విరుచుకుని అక్క ముందు పెట్టాడు. అక్క కోటుని కిటికీకెత్తి ఈ పక్క చూసింది, ఆ పక్క చూసింది.

"ఇక్కడ కాస్త నీడ ఉందిరా," అంది.

ఆ ఏడాదే షాపు తమ్ముడికి అప్పజెప్పి, ఆవిడ ఓ పెద్దాసుపత్రి లాండ్రీలో పనికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎంతమంది ఎన్ని పొగడ్తలు కురిపించినా మాస్టారికి ఆనలేదు. ఆ 'నీడ' అన్న మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. అక్క నోటి వెంట 'బాగా తీశావు' అనే రెండు ముక్కలు రావాలి. అదొక్కటే ఆయనకి ఈ జన్మకి మిగిలిన కోరిక. అంతటి మనిషికి అంత చిన్న కోరికేమిటా అని మనం నవ్వుకోవచ్చు. ఆయన మాత్రం నవ్వడు.

ఇక చేపల సంగతి. ఎదురుగా ఉన్న సెలూన్‌లో ఒక అక్వేరియం వెలిసింది. గడ్డం గీయించుకునేవాళ్ళు, గీయించుకోనివాళ్ళు, దారినపోయేవాళ్ళు అందరూ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడటం మొదలెట్టారు. "నీళ్ళలో చేపలుంటే వింతా? గాల్లో ఉంటే కదా వింత," అని మాస్టారు వారం రోజులు ఎగతాళి చేశాడు. ఎనిమిదో రోజున సెలూన్ తొట్టి కంటే జానెడు పొడుగున్న తొట్టి తెచ్చి కౌంటరు పక్కన పెట్టించాడు.

నిజం చెప్పుకోవాలి, మొదటి వారం ఆయన సంతోషం చూడముచ్చటగా ఉండేది. గప్పీ చేపలు తోకల్ని ఆరేసిన పట్టు రుమాళ్ళలా ఆడిస్తూ తిరుగుతుంటే ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి, నోరు తెరుచుకుని చూసేవాడు. చిటికెడు మేత వేస్తే అన్నీ ఒక్కసారి పైకొచ్చి బుడుంగుమంటుంటే, ఎవరూ వినకుండా "తినండమ్మా, తినండి" అనేవాడు. మనుషులతో ఆయన ఏనాడూ అంత మెత్తగా మాట్లాడి ఎరగడు. కౌంటరు దగ్గర కూర్చునే భార్య అది చూసి ఆశ్చర్యపోయి, ఎందుకైనా మంచిదని పైకి ఏమీ అనకుండా ఊరుకుంది.

తర్వాత ఆదివారం వచ్చింది.

ఆదివారం మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచి, చేపల్ని బకెట్లో వేసి, తొట్టి ఖాళీ చేశాడు. అడుగున పరిచిన గులకరాళ్ళని వేణ్ణీళ్ళలో మరిగించాడు. ప్లాస్టిక్ మొక్కల ఒక్కో ఆకునీ బ్రష్షుతో తోమాడు. ఫిల్టర్లో ఉన్న స్పాంజి వారానికే గోధుమరంగుకి తిరిగింది. దాన్ని సబ్బుపెట్టి, పిండి, మళ్ళీ సబ్బుపెట్టి, పాలలా తెల్లబడేదాకా వదల్లేదు. కుళాయి నీళ్ళు నేరుగా నింపాడు. తొట్టి ఎంత తళతళలాడిందంటే, నీళ్ళున్నాయో లేవో వేలు పెట్టి చూసుకోవాల్సి వచ్చింది.

మంగళవారానికి చేపలు వెల్లకిలా తేలాయి.

"నాసిరకం సరుకు అంటగట్టాడు," అని మాస్టారు చేపల షాపాయన మీద విరుచుకుపడ్డాడు. కొత్త చేపలొచ్చాయి. ఆదివారం వచ్చింది. మంగళవారం కూడా వచ్చింది. ఈసారి చచ్చేముందు వాటి ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. మూడోసారి ఏంజెల్ చేపలు తెచ్చాడు, రెక్కలు విప్పుకుని రాజకుమారుల్లా తిరిగేవి. అవి మంగళవారందాకా కూడా ఆగలేదు.

"సార్, మీ తొట్టి మరీ శుభ్రంగా ఉంది. అదే దాని జబ్బు," అన్నాడు చేపల షాపాయన. "స్పాంజికి పట్టిన జిగురుందే, అదే సార్ చేపలకి ప్రాణం. కంటికి కనపడని క్రిములుంటాయి దాంట్లో. చేపలు చేసే మురికి అంతా అవి తినేస్తాయి. మీరు సబ్బెట్టి వాటినే కడిగేస్తున్నారు. ఇంకేముంది, చేపలు వాటి మురికిలోనే అవి చస్తున్నాయి."

"అంటే, మురికి పోవాలంటే మురికిని పెంచాలంటావు?"

"కొంచెం సార్. కొంచెం ఉండనివ్వాలి."

మాస్టారు ఆ మనిషి చొక్కా వైపు చూశాడు. జేబు దగ్గర టీ, ముంజేతి దగ్గర తుప్పు, బొత్తాల పట్టీ మీద ఏదో నాచు. ఒక్క చొక్కా మీద మూడు మరకలు మోసుకు తిరిగేవాడు శుభ్రత గురించి తనకి పాఠం చెప్పడమా! ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఎక్కే ఆశ కూడా లేదు. మరకలున్నవాడు చెప్పింది నిజమైనా సరే, మాస్టారి దృష్టిలో అది మురికి నిజమే.

అలాంటి రోజుల్లో అక్క వచ్చింది. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయింది, పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, షాపు మీది గదిలో ఉంటానంది. ఒక సూట్‌కేసు తెచ్చుకుంది. రెండో చేతిలో వెడల్పు మూతి గాజు సీసా. సీసాలో పచ్చటి నీళ్ళు. ఆ నీళ్ళలో నిమ్మకాయంత పసుప్పచ్చని నత్త.

"ఇదేంటక్కా?"

"నత్తరా."

"నత్తని తెలుస్తూనే ఉంది. ఎందుకూ అని."

"ఎందుకేంటి? నువ్వెందుకో నాకు తెలుసా?" అంది అక్క, మెట్లెక్కుతూ.

ఆ నత్తకో కథ ఉంది. ఆసుపత్రిలో పిల్లల వార్డులో అక్వేరియం ఉండేది. గోడలకి రంగులేసేటప్పుడు దాన్ని తీసేస్తుంటే చేపల్ని తలొకటి పట్టుకుపోయారు. మిగిలిన నత్తల జంటని ఎవరూ చూడలేదు. దుప్పట్లు తీసుకెళ్ళడానికి వచ్చిన అక్క వాటిని సీసాలో వేసుకుంది. జతలో ఒకటి ప్రయాణానికి వారం ముందు పోయింది. మిగిలినదాని పేరు దొరసాని.

దొరసాని నిజంగా దొరసానే. ఉడికించిన దోసకాయ చెక్క వేస్తే ముందు రెండు మీసాలతో తడిమి, నచ్చితేనే తినేది. గాలి కావాలంటే ఒంట్లోంచి సన్నటి గొట్టంలాంటిది చాచి నీటిపైకి పెట్టేది. గాజు గోడ మీద పైదాకా పాకి, అక్కణ్ణుంచి పట్టు వదిలేసి అడుగుకి తేలుకుంటూ పడేది. మళ్ళీ పాకేది, మళ్ళీ పడేది. మాస్టారి భార్య మధ్యాహ్నం అన్నం తినడానికి పైకి వెళ్ళి, వదిన పక్కన కూర్చుని, గంటసేపు ఇదే చూసేది. కోడిగుడ్డు పెంకులు దంచి వేస్తే నత్త డిప్ప గట్టిపడుతుందని నేర్చుకుంది. పైనుంచి ఇద్దరి నవ్వులూ కింద ఇస్త్రీ బల్లదాకా వినిపించేవి.

మాస్టారికి ఒళ్ళు మండేది. తన తళతళలాడే తొట్టిలో మూడు విడతల చేపలు చచ్చాయి. ఆ పాచినీళ్ళ సీసాలో బురద మొహం నత్త నిక్షేపంలా బతుకుతోంది. ఇందులో ఏదో అన్యాయం ఉందని ఆయనకి గట్టిగా అనిపించింది. ఆ అన్యాయం ఎవరు చేశారన్నది మాత్రం ఆయన ఆలోచించలేదు. ఆలోచిస్తే ఇబ్బంది కదా.

ఏంజెల్ చేపల్ని కాగితంలో చుట్టి పారేసిన రోజున భార్య నోరు విప్పింది. "మూడుసార్లూ నేనే పారేశానండీ. నాలుగోసారి నావల్ల కాదు. ఆ తొట్టి వదినకి అప్పగించండి."

"ఆ పచ్చనీళ్ళ మహారాణికా!"

"నెల్లాళ్ళు ఇచ్చి చూడరా," అంది అక్క. "నెల్లాళ్ళు నువ్వు తొట్టిలో చెయ్యి పెట్టకూడదు. అంతే నేనడిగేది."

మాస్టారు వెంటనే ఒప్పుకున్నాడు. ఉదారంగా అనుకునేరు, అలాంటిదేం లేదు. అక్క ఏదో ఒక పనిలో ఓడిపోగా చూడాలన్న సరదా ఆయనకి చిన్నప్పట్నుంచీ ఉంది. అలాంటి అవకాశం ఇంతవరకూ చిక్కలేదు.

అక్క తొట్టిలో పోసే నీళ్ళని ముందు రోజే బకెట్లో పట్టి ఉంచింది. సీసాలోని పచ్చనీళ్ళు దొరసానితో సహా అందులో గుమ్మరించింది. చేపల షాపాయనని అడిగి ఒక పాత స్పాంజి తెప్పించి, దాని గోధుమరంగు గుజ్జంతా తొట్టిలోకి పిండింది. మాస్టారు వాంతి వచ్చినట్టు మొహం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పది రోజులు ఆ తొట్టిలో నత్త ఒక్కటే తిరిగింది. "నీళ్ళకి కాస్త వయసు రావాలిరా," అంది అక్క. నీళ్ళకి వయసేమిటని మాస్టారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి మరీ నవ్వాడు. తర్వాత నాలుగు గప్పీలు, రెండు నల్ల మోలీలు వచ్చాయి.

రోజూ షాపు తెరవగానే మాస్టారు చేసే మొదటి పని చేపల్ని లెక్కపెట్టడం. ఆరు. మర్నాడు ఆరు. మంగళవారం ఆశగా వచ్చి లెక్కపెట్టాడు. ఆరే. అద్దానికి సన్నగా నాచు పడుతోంది, స్పాంజి మట్టిరంగులో ఉంది, ఆ వెధవ చేపలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. అది ఆయన చేసుకున్న దురదృష్టం.

అయితే రెండు మోలీల్లో ఒకటి, కాస్త బొద్దుగా ఉండేది, మాస్టారు అటు వెళ్ళినప్పుడల్లా అద్దం దగ్గరకొచ్చేది. వేలు ఆనిస్తే వేలి వెంట వచ్చేది. వేలు పైకి జరిపితే పైకి, పక్కకి జరిపితే పక్కకి. ఆయన ముందు అటూ ఇటూ చూసి, భార్య చూడటం లేదని రూఢి చేసుకుని, అప్పుడు వేలు పెట్టేవాడు. అలా రోజుకి ఏ పదిసార్లో. చెయ్యి నీళ్ళలో పెట్టకూడదన్నారు గానీ అద్దం మీద వేలు పెట్టకూడదని ఎవరూ అనలేదుగా అని తనకి తనే వాదించుకునేవాడు. ఆ వాదన ఆయనకి తర్వాత ఇంకొకందుకు పనికొచ్చింది.

ఓ ఉదయం టీ తాగుతుంటే అక్క మొహం వెలిగిపోతోంది. "ఒరేయ్, మన దొరసాని ఏం చేసిందో తెలుసా?"

"అక్కా, నత్త కబుర్లు నా దగ్గరొద్దు," అన్నాడు మాస్టారు. "లోకంలో ఇంకేం లేనట్టు పొద్దున లేస్తే నత్త, సాయంత్రమైతే నత్త. నాకు బోలెడు పనుంది."

అక్క మొహం చిన్నబోయింది. టీ తాగేసి, కప్పు కడుక్కుని లేచింది. తర్వాత ఆ కబురు మాస్టారి భార్యకి చెప్పింది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తొట్టి దగ్గరకి పరిగెత్తారు.

దొరసాని నీళ్ళలోంచి బయటికి పాకి, వెనక అద్దం మీద, నీటి మట్టానికి బెత్తెడు పైన గుడ్లు పెట్టింది. బొటనవేలంత పొడుగున, గులాబీ రంగులో, దగ్గర దగ్గరగా అతికించిన చిన్న చిన్న పూసల్లా. మాస్టారు షాపులో లేని పూట చేపల షాపాయన పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్ళాడు. ఈ జాతి నత్తలు నీళ్ళకి పైనే పెడతాయన్నాడు. రెండు మూడు వారాలు పడుతుంది, పిల్లలయ్యే ముందు రంగు వెలిసి బూడిదగా మారుతుంది, ముట్టుకోకూడదు అన్నాడు. "జత పోయినా కొన్నాళ్ళు పెడతాయమ్మా. కానీ ఇది ముసలిదైంది. ఇవే ఆఖరివి అనుకోండి," అన్నాడు వెళుతూ.

ఆ రోజునుంచీ భార్య కౌంటరు వెనక గోడమీదున్న క్యాలెండరులో రోజుకో ఎర్రగీత పెడుతూ వచ్చింది. మాస్టారు ఆ గీతల్ని చూశాడు. తను తొట్టి జోలికి వెళ్ళకుండా ఎన్ని రోజులున్నాడో వాళ్ళు లెక్క పెడుతున్నారని అనుకుని, కాస్త చిరాకు, కాస్త గర్వం పడ్డాడు.

గుడ్లు పెట్టిన ఆరో రోజున దొరసాని కదలడం మానేసింది. అక్క దాన్ని తీసి, డిప్పని కడిగి, చేతిలో పెట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. అంత గట్టి మనిషి కళ్ళు తుడుచుకోవడం మాస్టారు అదే మొదటిసారి చూడటం. ఆయనకి జాలేసింది. ఆయన జాలి కూడా పై మెట్టు మీద నిలబడే పడుతుంది.

"పోనీలే అక్కా, నత్తే కదా. ఇంకోటి తెచ్చిపెడతాను."

"అక్కర్లేదురా. దానివి ఉన్నాయిగా."

ఏం ఉన్నాయని ఆయన అడగలేదు. మూడు ప్రశ్నల పద్ధతి బట్టలకే గానీ మనుషులకి కాదు మరి.

గుడ్లకి పదిహేడో రోజు వచ్చింది. రంగు వెలిసిపోవడం మొదలైంది. నత్తపిల్లలు నువ్వుగింజంత ఉంటాయని చేపల షాపాయన చెప్పాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ అక్క కళ్ళజోడు మార్పించుకోవాలని పట్టుబట్టింది. ఇన్నేళ్ళు పాత అద్దాలతోనే నెట్టుకొచ్చిన మనిషి, నువ్వుగింజంత వాటిని చూడటానికి కొత్త అద్దాలకి తయారైంది. ఆ పూట భార్యని తోడు తీసుకుని కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. వెళ్ళేముందు తొట్టి దగ్గర వంగి, ఏదో చెప్పుకుని మరీ వెళ్ళింది. మాస్టారు అది చూసి, చేపలతో మాట్లాడేవాళ్ళని ఏమనాలో అనుకున్నాడు. బొద్దు మోలీ సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

వాళ్ళటు వెళ్ళగానే ఇటు లాయరు వచ్చాడు. నల్లకోటు ఒకటి కౌంటరు మీద పడేసి, రసీదు కోసం నిలబడి, తొట్టి వైపు చూశాడు.

"ఏం మాస్టారూ, మరకల ఆసుపత్రిలోనే మరకా?"

"ఎక్కడ?"

"అదిగో. వెనకద్దం మీద. నీళ్ళకి పైన."

మాస్టారు కౌంటరు దాటొచ్చి చూశాడు. నిజమే. వెలిసిన గులాబీరంగు, మధ్యలో బూడిదరంగు, ఎండి గట్టిపడ్డ పెచ్చు. తన షాపులో, తన తొట్టికి, పరాయివాడు వేలెత్తి చూపించేటంత మరక! అందులోనూ ఈ లాయరు. వారానికోసారి పెన్ను జేబులో కక్కించుకుని తెచ్చే లాయరు. మాస్టారికి తలకొట్టేసినట్టయింది.

"ఏంటంటారు అది?" లాయరు సరదాగా అడిగాడు.

మాస్టారు ఓ కన్ను మూసి చూశాడు. ఆయన ఇలా చూస్తున్నప్పుడు జనం ఊపిరి బిగబట్టి ఉంటారని ఆయన నమ్మకం. "దానిమ్మ రసం," అన్నాడు. "పంచదార దండిగా కలిపింది. పోసి రెండు వారాలు దాటింది. ఎండి, ఇప్పుడిప్పుడే బూజు పడుతోంది. పోసింది ఎవరో పిల్లాడు. తల్లి కౌంటరు దగ్గర కబుర్లు చెబుతుంటే వాడు మూతెత్తి, చేపలకి తాగిద్దామని సీసా వంచాడు."

"ఒక్క చూపుకే ఇంత చెప్పేశారే!"

"ఇరవయ్యారేళ్ళు," అన్నాడు మాస్టారు.

మూడు ప్రశ్నలకీ మూడు జవాబులు వచ్చాయి. కాకపోతే అడిగిందీ ఆయనే, చెప్పిందీ ఆయనే.

నెల్లాళ్ళ మాట గుర్తు రాకపోలేదు. కానీ నీళ్ళలో చెయ్యి పెట్టనన్నాడు గానీ, నీళ్ళకి బెత్తెడు పైనున్న అద్దం తుడవనన్నాడా? మరకలు గీకే ఎముక బద్ద తెచ్చాడు. తడిపిన తెల్లగుడ్డ ఒకటి కింద పట్టాడు, ఒక్క పెచ్చు కూడా నీళ్ళలో పడకూడదు కదా. బద్దని అద్దానికి ఏటవాలుగా ఆనించి, ఒక్క తోపు తోశాడు. సన్నగా చిట్లిన చప్పుడైంది. మొత్తం ఒకే ముక్కగా ఊడి గుడ్డలో పడింది. గుడ్డని అదిమి అద్దం తుడుస్తుంటే వేళ్ళ కింద రవ్వలాగా ఏదో నలిగింది. పంచదార, అనుకున్నాడు. తను చెప్పింది నిజమైనందుకు మనసులోనే మీసం మెలేశాడు.

"భలే!" అన్నాడు లాయరు.

మాస్టారు గుడ్డని ఉండచుట్టి, వెనకాల తెల్లగుడ్డలు మరిగే డ్రమ్ములో పడేశాడు. మోలీ అద్దం దగ్గరకొచ్చి వేలు కోసం ఎదురుచూసింది. లాయరున్నాడని ఆయన వేలు పెట్టలేదు.

గంటకి వాళ్ళు తిరిగొచ్చారు. అక్క కొత్త కళ్ళజోడు పెట్టుకునే వచ్చింది. దారిలో ఆకులన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయని మరదలికి చెబుతూ, నవ్వుతూ మెట్లెక్కి, చెప్పులు కూడా విడవకుండా సరాసరి తొట్టి దగ్గరకి వెళ్ళింది. వంగింది. కళ్ళజోడు ఒకసారి తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. చూపుడువేలు వెనకద్దం మీద పెట్టి మెల్లగా రాసింది. అద్దం కీచుమంది.

"ఇక్కడున్నది ఏదిరా?"

"ఆ మరకా? తీసేశానక్కా," అన్నాడు మాస్టారు కోటుకి చీటీ గుచ్చుతూ. "మీరిద్దరూ ఇక్కడే తిరుగుతారు, చూడనే లేదు. లాయరు ముందు పరువు పోయేది."

"ఏం మరక?"

"దానిమ్మ రసం."

"ఎవరు పోశారు?"

"ఎవరో పిల్లాడు. పోసి రెండు వారాలు..."

"ఎవర్నడిగావు?"

మాస్టారు చీటీ గుచ్చడం ఆపాడు. అక్క తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడింది. భార్యే అంది, ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

"గుడ్లండీ అవి. దొరసాని గుడ్లు. రెండు మూడు రోజుల్లో పిల్లలయ్యేవి. వాటిని చూడటానికే వదిన ఈ కళ్ళజోడు చేయించుకుంది. అంతకు ముందే మీకు చెప్పబోతే, నత్త కబుర్లు వద్దన్నారు. ఆ క్యాలెండరు మీద గీతలన్నా కనపళ్ళేదా మీకు?"

"అవి... నా నెల్లాళ్ళ లెక్క అనుకున్నాను."

భార్య ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. కౌంటరు మీద బట్ట పడినప్పుడు ఆయన చూసే చూపది. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని చూసి చూసి బాగానే నేర్చుకుంది.

"ఎవరేం లెక్కపెట్టుకున్నా మీ గురించే అనుకుంటారా?" అంది.

మాస్టారు వెనక గదిలోకి పరిగెత్తాడు. డ్రమ్ము మూత తీసి, ఆవిరికి మొహం కాలుతున్నా లెక్కచెయ్యకుండా, కర్రతో గుడ్డలన్నీ ఒక్కొక్కటే పైకి లేపాడు. ఆ గుడ్డని అంచు కుట్టు చూసి పోల్చుకున్నాడు. ఉడుకునీళ్ళు కారుతుండగానే మరకల బల్ల మీద పరిచి, దీపం కిందకి లాగి, మొహం ఆనించి వెతికాడు. ఒక్క పెచ్చు, ఒక్క పూస, కాస్త గులాబీ రంగు, ఏదో ఒకటి. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి ఆయన ఒక గుడ్డ మీద మరక ఉండాలని కోరుకున్నాడు. మడత విప్పి చూశాడు, తిరగేసి చూశాడు, కుట్టులోకి గోరు పోనిచ్చి చూశాడు. ఆ గుడ్డ పాలలా తెల్లగా ఉంది. ఆయన షాపులో గుడ్డ మరి, ఇంకెలా ఉంటుంది?

అక్క ఎప్పుడొచ్చిందో వెనకే నిలబడి ఉంది. గుడ్డ ఇమ్మని చెయ్యి చాచింది. ఆయన ఇచ్చాడు. ఆవిడ దాన్ని పిండి, దులిపి, కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి రెండు చేతులతో వెలుతురుకెత్తింది. కొత్త కళ్ళజోడులోంచి ఈ పక్క చూసింది. తిరగేసి ఆ పక్క చూసింది. చిన్నప్పుడు చూసినంతసేపూ చూసింది. నీడ ఉందని అను అక్కా, అని మాస్టారు లోలోపలే బతిమాలుకున్నాడు. ఎక్కడో ఒకచోట కాస్త నీడ ఉందని అను.

"బాగా తీశావురా," అంది అక్క. "నీడ కూడా లేదు."

గుడ్డని నాలుగు మడతలు పెట్టి, ఆయన చేతిలో పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.